ఆరో నెల దారం

పంకజాక్షిది ఎడమచేతి వాటం. ఆ సంగతి నగరి సాలెవీధి కుక్కలకు కూడా తెలుసు. రాయి ఏ పక్కనుంచి వస్తుందో అవి ముందే చూసుకొని పరుగెత్తాలి కదా. ఆమె మామ వరదయ్య మాత్రం దాన్ని అంతటితో వదిలిపెట్టే మనిషి కాదు. అరుగుమీద ఎవరు కూర్చున్నా సరే, మొదలుపెట్టేవాడు.

"మా కోడలు కాపరానికొచ్చిన తొలి శుక్రవారం రాట్నం ముందర కూసొని ఎడమచేత్తో ఒక్క తిప్పు తిప్పింది సూడప్పా. వీధిలో రాట్నాలన్నీ ఎదురు తిరిగినాయి. మగ్గాలమీద చీరలు విడిపోయి మళ్ళా నూలైనాయి. నూలు పత్తి అయింది. పత్తి చెట్టెక్కింది. సొసైటీ గుమాస్తా చెట్టుకింద నిలబడి, చీర యాడప్పా, చీర యాడప్పా అని ఒకటే ఏడుపు."

పంకజాక్షి రాట్నం ఆపకుండానే జవాబిచ్చేది. "ఆ చెట్టుకు నీళ్ళు పోసింది నువ్వే కదా మామా?"

"పొయ్యకుంటే నువ్వు కట్టుకోను గుడ్డ యాడిదమ్మే?"

ఆ మంగళవారం పొద్దున కూడా ముసలాయన అరుగుమీదే ఉన్నాడు. కానీ కథలేవీ చెప్పడం లేదు. లోపల గుంటమగ్గంలో కొడుకు సుబ్రమణ్యం కాళ్ళాడిస్తున్నాడు. నూలు మోసే నాడె అటూ ఇటూ పోతోంది. పంకజాక్షి పెరట్లో బండమీద కూర్చొని బిడ్డకు నీళ్ళు పోస్తోంది.

బిడ్డ పేరు దేశమ్మ. ఊరిదేవత పేరు. ఏడాదిన్నర పిల్ల; పిలిచేది దేసీ అని. చెంబు కిందపెడితే చాలు, లేచి తడికాళ్ళతో మగ్గంవైపు ఉరికేది. నూలు చుట్టి పెట్టిన కండెలను ఒక్కొక్కటే తీసి నాయన కాళ్ళుపెట్టే గుంటలోకి విసరడం ఆ పిల్లకు చేతనైన పనుల్లో మొదటిది.

"నిలబడే! నీ తల్లి నీకు పనిమనిషి అనుకుంటివా?" అంటూ పంకజాక్షి తలమీద సున్నిపిండి రుద్దింది. చెయ్యి ఎడమచెవి పైకి పోగానే ఆగింది. రోజూ అక్కడే ఆగుతుంది. పైకి తగిలేదేమీ లేదు. అయితే ఆ ఎముక లోపల, మెదడును ఆనుకొని, నీళ్ళ తిత్తి ఒకటి ఉందని మద్రాసులో తీసిన తలఫొటో చెప్పింది. ఉయ్యాలలోంచి పడ్డ బిడ్డకు తలేమైనా పగిలిందేమోనని తీయించిన ఫొటో అది. తల పగల్లేదు. వెతకనిది కనబడింది.

"పుట్టకముందే వచ్చింది ఇది," అని తిరుపతి డాక్టరు నిర్మలమ్మ ఆ ఫొటోను కిటికీ వెలుగుకు పట్టి చెప్పింది. "చాలామంది పిల్లలకు ఉన్నచోట ఉన్నట్టే ఉండిపోతుంది. ఉందని కూడా తెలియకుండా ముసలివాళ్ళయిన వాళ్ళుంటారు. కొందరికి, అందులోనూ బాగా చిన్నబిడ్డలకు, పెరుగుతుంది. పెరిగితే తల చుట్టుకొలత ఉండాల్సినదానికంటే గబగబా పెరిగిపోతుంది. అప్పుడు ఆపరేషన్ తప్పదు. అందుకని నెలకోసారి తల కొలిచి రాయండి."

అంకెల టేపు తనకు చేతకాదని పంకజాక్షి చెప్పేసింది. దారంతోనైతే వెంట్రుకవాసి తేడా పోనీను అంది. డాక్టరమ్మ నవ్వింది. "సరే, దారాలే పట్టుకురా. కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకొని హడలిపోవద్దు. చూడడం నా పని."

ఆ మాటను పంకజాక్షి మొక్కులాగా పట్టుకుంది. అమావాస్యనాడు మగ్గానికి సెలవు. ఆ రోజు కనుబొమల పైనుంచి, వెనక మెడపై ఉబ్బు మీదుగా, పేనిన తెల్లదారం ఒక చుట్టు చుట్టేది. కలిసిన చోటికి అవతల ముళ్ళకు చాలినంత కొస వదిలి కత్తెరతో తుంచేది. తొలినెల దారానికి చివర ఒక ముడి, రెండోనెలదానికి రెండు ముళ్ళు. వేలికి చుట్టి, మగ్గం గుంజకున్న మేకుకు తగిలించిన గుడ్డసంచిలో వేసేది. వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. ఆరు నెలలు ఆ సంచిలోకి తొంగిచూడకుండా ఉండడమంటే మాటలు కాదు. కాటుకడబ్బీ కోసం చెయ్యి చాపితే కూడా కన్ను ఆ మేకుమీదికే పోయేది.

నీళ్ళు పోయడం అయింది. తుడుస్తూంటే బిడ్డ మొలకు కట్టిన తాడు చేతికి గరుగ్గా తగిలింది. పదిరోజుల కిందట అత్త జ్ఞానాంబ కట్టిన కొత్త మొలతాడు. పసుపులో ముంచి ఆరబెట్టింది. నాలుగైదు పోగులు కలిపి పేనినట్టుంది. పొడుగు చాలక నల్లదారం అతికించారు. ఒక చివర ముళ్ళ గుత్తి బిడ్డ నడుమును ఒరిసి ఎర్రగా చేసింది. ఇంకో చివర కొసలు ఒక్కటీ సమంగా లేవు. మెట్లు మెట్లుగా వేలాడుతున్నాయి.

"అత్తా, ఈ కొసలు కత్తిరించేస్తా. ముళ్ళు కూడా గుచ్చుకుంటా ఉండాయి."

వంటింట్లోంచి జ్ఞానాంబ చేతిలో గరిటెతోనే వచ్చేసింది. "ముట్టుకోవద్దు! దేశమ్మ గుళ్ళో పూజ చేయించి కట్టిన తాడది. కత్తెర తగలకూడదు."

"ఎవురు పేనినారత్తా? ఏ పూజారి పేనినాడో గానీ ఇంత వంకరగా…"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. అరుగుమీద వరదయ్య దగ్గాడు. "పూజారులకు నేత వస్తే మనకు కూడు పుట్టేదా అమ్మే?" అన్నాడు. ఆయన మాటల్లో ఎప్పుడూ ఉండే ఉప్పూ కారం ఆ రోజు రవ్వంత తక్కువయింది. పంకజాక్షి పట్టించుకోలేదు. మరుసటిరోజు తిరుపతి ప్రయాణం. ఆమె మనసంతా సంచిమీదే ఉంది.

*

బుధవారం తొలిబస్సు ఎక్కారు. పుత్తూరులో మల్లెపూల గంపలెక్కాయి. రేణిగుంట దాటేసరికి బస్సులో నిలబడే చోటులేదు. దేసి కిటికీ కమ్మీలు పట్టుకొని ఎదురొచ్చే ప్రతి బస్సునూ పలకరించింది. కొండమీదినుంచి దిగివచ్చేవాళ్ళు బస్టాండు నిండా ఉన్నారు. ఆడా మగా పిల్లాజెల్లా, అందరివీ నున్నటి గుండ్లు, గుండ్లమీద గంధం.

"గుండు! గుండు!" అని దేసి చప్పట్లు కొట్టింది. ఒక ముసలామె బిడ్డను చూసి తన గుండు ముందుకు వంచింది. దేసి దానిమీద రెండు చేతులతో తబలా వాయించింది. అందరూ నవ్వారు.

సుబ్రమణ్యం నవ్వలేదు. ఆ చిన్న గుండ్లు కనబడినప్పుడల్లా మొహం గోడవైపు తిప్పుకుంటున్నాడు. మద్రాసు ఆసుపత్రి వరండాలో తలలు గొరిగిన పిల్లలను, ఆ తలలమీద నల్లటి కుట్లను అతను చూశాడు. పంకజాక్షి ఆ రోజు లోపల బిడ్డ దగ్గర ఉంది. అతను చూసింది ఆమెకు చెప్పలేదు.

"ఏమయ్యా, అట్లుండావు?"

"ఏంలేదు. నడు."

"సంచి నీ తావనే ఉండాది కదా?"

"ఉండాది," అన్నాడు. జేబుపైన అరచెయ్యి ఆనించుకున్నాడు.

డాక్టరు నిర్మలమ్మ యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకొని మనుషులను పైనుంచి చూసేది. దేసిని బల్లమీద నిలబెట్టి, కళ్ళలో టార్చి వేసి, పుల్లతో కాళ్ళు గీకి, అటూ ఇటూ నడిపించింది.

"వాంతులున్నాయా?"

"లేవమ్మా."

"నడక తడబడుతుందా?"

"నడిస్తే కదమ్మా తెలిసేది. ఉరకడమే."

డాక్టరమ్మ నవ్వి, తన టేపుతో తల కొలిచింది. "నలభై ఏడు," అంటూ చీటీమీద రాసుకుంది. పైన తేదీ వేసింది. పంతొమ్మిదివందల ఎనభై అయిదు. "ఏవీ నీ దారాలు?"

సుబ్రమణ్యం సంచి తీసి బల్లమీద పెట్టాడు. పంకజాక్షి ఈసారి మొహం తిప్పుకోలేదు. ఆరు నెలలు ఆపుకున్న చూపు అది. డాక్టరమ్మ ఒక్కో దారాన్నీ విప్పి, కొయ్య స్కేలు పక్కన లాగి పెట్టింది.

"నలభై అయిదున్నర." రెండోది. "నలభై అయిదున్నర." మూడోది. నాలుగోది. డాక్టరమ్మ చదవడం మానేసింది. ఆరూ అంతే. ఆరు దారాలనూ ఒక వరసలో పెడితే అచ్చులో పోసినట్టు సమంగా ఉన్నాయి.

పంకజాక్షికి గుండె తేలికపడింది. పెరగలేదు. తిత్తి పెరగలేదు. తల వెంట్రుకంతయినా పెరగలేదు. ఊపిరి వదిలి మొగుడివైపు చూసింది. అతని మొహం కూడా తెరిపినపడినట్టే ఉంది.

డాక్టరమ్మ మాత్రం కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. ఇంకోసారి బిడ్డ తల కొలిచింది. మళ్ళీ నలభై ఏడే.

"కడపటి దారం ఎప్పుడు కొలిచారు?"

"పోయిన అమావాస్యకమ్మా. ఈ శనివారం మళ్ళా అమావాస్య."

"ఇరవై ఆరు రోజులు." డాక్టరమ్మ గొంతు మారింది. "ఇన్ని నెలలు గోరంత కూడా పెరగని తల, ఈ ఇరవై ఆరు రోజుల్లో సెంటీమీటరున్నర పెరిగింది. ఈ వయసులో అంత పెరగడానికి ఆరు నెలలు పట్టాలి."

ఇద్దరికీ అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా. "బిడ్డను చూస్తే బాగుంది. కొలత చూస్తే బాగాలేదు. తిత్తిలోకి ఒక్కసారిగా నీళ్ళు చేరుతూంటే బిడ్డ ఇవాళ ఆడుతుంది, వారం తర్వాత ఆడదు. నేను మొహం చూసి ఊరుకోలేనమ్మా. మద్రాసుకు ఉత్తరం రాసిస్తాను. రేపే బయలుదేరండి. నీళ్ళు దిగడానికి గొట్టం పెడతారో, తల తెరిచి తిత్తిని కోస్తారో, వాళ్ళు చూసి చెబుతారు."

కలం తీసి రాయడం మొదలుపెట్టింది.

సుబ్రమణ్యం బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి తిరుగుతున్నాయి, లేని పోగును పేనుతున్నట్టు.

"కొలిచింది ఎవరు?" డాక్టరమ్మ తలెత్తకుండా అడిగింది. "ప్రతిసారీ ఒక్కచోటనే చుట్టారా?"

"ఈమే కొలిచింది మేడమ్," అన్నాడు సుబ్రమణ్యం. "ఎడమచేతి మనిషి. చుట్టడం సరిగా రాలేదేమో. ఇంటికాడ మేము కూడా అనుకుంటా ఉంటిమి."

పంకజాక్షి మొగుడి మొహంలోకి చూసింది. అతను బల్ల కాలును చూస్తున్నాడు.

ఎడమచేతి మనిషి. మామ ఆ మాటతో ఎన్ని చీరలను పత్తి చేసినా ఆమెకు నొప్పి పుట్టలేదు. అత్త ఆ మాటని గరిటెతో కలిపి వడ్డించినా నవ్వింది. మొగుడు మాత్రం ఒక్కనాడూ అనలేదు. అనకపోగా, పడుగు సర్దేటప్పుడు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకొని, "నీ ఎడమ నాకు కుడి, ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అనేవాడు. ఆ నోరే ఇది.

ఆమె చెయ్యి దానంతటదే బల్లమీదికి పోయింది. ఆరుముళ్ళ దారం చేతికి తీసుకుంది. తను సరిగా చుట్టలేదా? ఎక్కడ తప్పింది? ముళ్ళమీద వేలు పెట్టి తడిమింది.

వేలు అక్కడే ఆగిపోయింది.

ముడి వేసిన తర్వాత పంకజాక్షి ఎప్పుడూ చిటికెడు కొస వదులుతుంది. ఎడమచేతి ముడి కాబట్టి అది ఎడమకు వాలుతుంది. ఈ ముళ్ళు కుడికి వాలి ఉన్నాయి. ఉమ్మితో తడిపి, నొక్కి, కొసను పంటితో కొరికేసినట్టు చదునుగా ఉన్నాయి. ఇట్లాంటి ముడి ఆమె రోజుకు వందసార్లు చూస్తుంది. పడుగులో పోగు తెగిన ప్రతిసారీ సుబ్రమణ్యం వేసే ముడి ఇదే. కట్టినట్టు కంటికి కనబడదు, గుడ్డమీద చెయ్యి జారిస్తే తగలదు. వీధిలో అతని పేరంతా ఆ ముడిమీదే నిలబడింది.

అయిదోది తీసింది. నాలుగోది తీసింది. అన్నీ అతనివే.

"ఇవి నా దారాలు కావమ్మా," అంది.

కలం ఆగింది. "ఏమిటి?"

"నేను కొలిచినవి ఇవి కావు. నా ముడి ఇట్లుండదు."

"పంకజం," అన్నాడు సుబ్రమణ్యం మెల్లగా. "బిడ్డ ఏడుస్తాది, ఎత్తుకో."

దేసి ఏడవడం లేదు. బల్లమీద కూర్చొని, తన మొలతాడు చివర వేలాడే కొసలను నోట్లో పెట్టుకొని నములుతోంది. పంకజాక్షి వాటిని చూసింది. మెట్లు మెట్లుగా ఉన్న కొసలు. ఒకదానికంటే ఇంకొకటి రవ్వంత పొడుగు. ఇంకో చివర ముళ్ళ గుత్తి.

నూలు పనిచేసేవాళ్ళ ఇండ్లలో ఒక పట్టింపు ఉంది. బిడ్డకు పట్టిన కొలత దారాన్ని నిప్పులో వెయ్యరు, బయట పారెయ్యరు, కాలికింద పడనివ్వరు. బిడ్డ ఆయుష్షు ఆ దారంలో ఉంటుందని భయం. అబద్ధమాడేవాడికి కూడా ఆ భయం ఉంటుంది.

ఆమె బిడ్డ మొలనుంచి ఆ తాడు విప్పింది. నల్లదారాన్ని పంటితో తెంపి పారేసింది. పసుపుతాడు పురి విప్పింది. ఎడమచేత్తో విప్పింది. ఒక్కొక్క పోగూ విడిపోయింది. ఒక ముడిది. రెండు ముళ్ళది. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ప్రతి ముడీ ఎడమకు వాలి, చిటికెడు కొసతో.

డాక్టరమ్మ స్కేలును దగ్గరికి లాక్కుంది.

"నలభై అయిదున్నర," అంది. తర్వాత, "నలభై అయిదు పాయింటు ఎనిమిది. నలభై ఆరు దాటింది. నలభై ఆరు పాయింటు నాలుగు. ఆరు. ఎనిమిది." ఆఖరి దారాన్ని వేలితో సవరించింది. "పసుపునీళ్ళలో పడింది కాబట్టి రవ్వంత బిగిసి ఉండొచ్చు. ఇవాళ నలభై ఏడు. సరిగ్గా ఉంది."

సొరుగులోంచి గీతలున్న కాగితం ఒకటి తీసింది. ఆ కాగితంమీద ఏటవాలుగా ఒక గీత పైకి పోతోంది. దాని పక్కనే ఆరు చుక్కలు పెట్టి, ఏడోది పెట్టి, పంకజాక్షివైపు తిప్పింది.

"ఇది మామూలు బిడ్డల తల పెరిగే గీత. ఇవి నీ బిడ్డవి. గీత పక్కనే, దానితో పాటే నడుస్తున్నాయి. తల పెరగాలమ్మా. పెరగకపోతేనే నాకు భయం. లోపలి తిత్తి పెరిగి ఉంటే ఈ చుక్కలు గీతను వదిలి పైకి ఎగిరిపోయేవి. ఎగరలేదు."

"అయితే మద్రాసు?"

డాక్టరమ్మ సగం రాసిన ఉత్తరాన్ని రెండుగా, నాలుగుగా చింపింది. "వచ్చే ఏడు ఇంకో ఫొటో తీయిస్తాను. అప్పటిదాకా నెలనెలా కొలువు. వాంతులైనా, మగతగా పడుకున్నా, కన్ను పక్కకు పోయినా ఆ రోజే పట్టుకురా. ఇట్లాంటివి పెరిగితే ఈ చిన్నవయసులోనే పెరుగుతాయి. నాలుగేండ్లు నిండనీ, నేను కూడా కొంచెం నిద్రపోతాను." తర్వాత సుబ్రమణ్యాన్ని చూసింది. "ఏమయ్యా?"

అతను గోడకు ఆనుకొని నిలబడ్డాడు. "పెరగతా ఉండాయి మేడమ్. నెలనెలా చూస్తా ఉంటిని. పెరిగితే కోస్తామంటిరి కదా. మద్రాసులో ఆ పిల్లోళ్ళను చూసినాను. చెయ్యి ఆడలేదు."

"నీ చెయ్యి బాగానే ఆడింది," అంది డాక్టరమ్మ. "కత్తి పడకూడదని కదా ఇంత పని చేశావు? ఇంకో పది పంక్తులు రాసుంటే బిడ్డ కత్తికిందనే ఉండేది."

పసుపు దారాలను పంకజాక్షి చేతిలో పెట్టబోయింది. పంకజాక్షి తీసుకోలేదు.

"నీ తావనే ఉండనీమ్మా," అంది. "ఈడైతే భద్రంగా ఉంటాయి."

తెల్లదారాలు ఆరూ బల్లమీదే మిగిలాయి. వాటిని సుబ్రమణ్యం ఒక్కొక్కటే ఏరి, సంచిలో వేసుకొని, జేబులో పెట్టుకున్నాడు.

*

తిరుగుబస్సు పుత్తూరు దాటింది. దేసి తల్లి ఒళ్ళో నిద్రపోయింది. మొలతాడు లేని నడుము చుట్టూ ముళ్ళు ఒరిసిన ఎర్రటి చార కనబడుతోంది. పంకజాక్షి దానిమీద కొంగు కప్పింది.

"నీకు చెప్తే ఏడస్తావని," అన్నాడు సుబ్రమణ్యం చివరికి.

ఆమె కిటికీలోంచి చూస్తోంది.

"నువ్వు సగమైపోతావనుకున్నా. నేనొక్కణ్ణే మోస్తే సరిపోతాదిలే అనుకున్నా పంకజం. బిడ్డమీద ఒట్టు."

"డాక్టరమ్మ ముందర ఎడమచేతి మనిషి అన్నావే," అంది ఆమె. "అది కూడా నేను ఏడస్తాననే అన్నావా?"

అతను జేబుమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అత్తకు తెలుసా?"

"గుళ్ళో పెట్టి తెచ్చింది అమ్మే కదా."

"మామకు?"

అతను తల వంచుకున్నాడు.

ఇంట్లో బిడ్డను తీసేస్తే నలుగురు. నలుగురిలో ముగ్గురికి తెలుసు. కొలిచినదానికి తెలీదు. నిన్న పెరట్లో ఆ తాడును చేతబట్టుకొని, ఎవరు పేనినారని అడిగిందే. అడిగినప్పుడు మగ్గం ఆగింది, మామ దగ్గాడు, అత్త గరిటెతో వచ్చింది. ముగ్గురూ ఒకేసారి. ఒకే కండెమీది పోగులాగా.

గుమ్మంలోనే జ్ఞానాంబ ఎదురొచ్చింది. బిడ్డ నడుము చూసింది.

"తాడు యాడమ్మే?"

"డాక్టరమ్మ తావ ఉండాది. పూజ ఆమె కూడా చేస్తాదంట."

ముసలామె కొడుకు మొహం చూసి అంతా తెలుసుకుంది. "ఆడదాని మనసు, తట్టుకోలేదనే అనుకుంటిమి…" అని మొదలుపెట్టి ఆపేసింది. ఎందుకంటే తానూ ఆడదే.

పంకజాక్షి అన్నం వండింది. అందరికీ వడ్డించింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. గిన్నెలు కూడా చప్పుడు చెయ్యలేదు. ఆ ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తే బాగుండునని వరదయ్యకు జీవితంలో మొదటిసారి అనిపించింది.

గురువారం, శుక్రవారం ఆయన ఊరుకున్నాడు. శనివారం పొద్దున ఇక ఉండలేక పంచె సర్దుకొని కోడలి ముందుకొచ్చి కూర్చున్నాడు.

"అమ్మే, నీ దారం తెచ్చి నా తల కూడా రవ్వంత కొలువు. నిన్న తలగుడ్డ చుట్టుకుంటే చాల్లేదు. నా నాయనకు ఇట్నే పెరిగింది. పెరిగీ పెరిగీ వాకిట్లోంచి బయటికి రాకపోతే గోడ కొట్టేసినారు. ఆయన బయటికొచ్చి తల ఊపితే పుత్తూరులో గాలి…"

"మామా," అంది పంకజాక్షి.

"ఏమ్మే?"

"నీ కథల్లో నన్ను ఎన్నిసార్లు అబద్ధం చేసినా నవ్వినాను. అవి అబద్ధాలని నాకు చెప్పి చేసినావు కాబట్టి."

ముసలాయన మోకాలు నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆయన కథ ఒకటి సగంలో ఆగిపోవడం సాలెవీధి ఎరగదు. ఆ తల ఊపితే పుత్తూరులో గాలికి ఏమయిందో ఈనాటికీ ఎవరికీ తెలీదు.

అమావాస్య. మగ్గానికి సెలవు. వీధి మొత్తం చప్పుడు లేదు. పంకజాక్షి బిడ్డను వెలుగులో కూర్చోబెట్టుకుంది. పేనిన తెల్లదారం, కత్తెర పక్కన పెట్టుకుంది. సుబ్రమణ్యం వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చొని, ఎప్పటిలాగే బిడ్డ గడ్డం రెండు చేతులతో పట్టి తల కదలకుండా ఆపాడు. ఆమె వద్దనలేదు. దారం చుట్టింది. తుంచింది. ఏడు ముళ్ళు వేసింది. ఎడమకు వాలిన ఏడు ముళ్ళు.

అతను చెయ్యి చాపాడు, సంచిలో వేసి మేకుకు తగిలిద్దామని.

ఆమె లేచి, లోపలికి పోయి, పుట్టింటినుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె తెరిచి, చీరల అడుగున ఆ దారం పెట్టింది. తాళం వేసింది. తాళంచెవి కొంగుకు ముడివేసుకుంది. తిరిగొచ్చేసరికి అతను ఇంకా అట్లాగే కూర్చున్నాడు. దేసి నాయన అరచేతిలో కండెలు ఒక్కొక్కటే పేరుస్తోంది.

"ఇంక నన్ను నమ్మవా?" అన్నాడు.

"బిడ్డ కండెలు నోట్లో పెట్టుకుంటా ఉండాది సూడు," అంది.

మరునాడు మగ్గం మొదలైంది. పంకజాక్షి రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టింది. చుట్టినవి అతని పక్కన పెట్టింది. మధ్యాన్నానికి మూర గుడ్డ దిగింది. పడుగులో ఒక పోగు తెగింది. నాడె ఆగింది. సుబ్రమణ్యం వంగి, తెగిన కొసలు రెండూ వెతికి పట్టి, తడిపి, ముడివేసి, పంటితో కొరికాడు. దువ్వెనలాంటి అచ్చు లాగి నాలుగు పేకలు కొట్టాడు. ముడి గుడ్డలోకి పోయింది.

నేసిన గుడ్డమీద రోజుకోసారి చెయ్యి జార్చి చూడడం పంకజాక్షి పని. ఇన్నేండ్లలో అతని ముడి ఎక్కడుందో ఆ వేలికి ఒక్కసారీ తెలియలేదు. తెలియదని ఆమె వీధంతా చెప్పుకునేది కూడా.

ఆమె ఎడమచెయ్యి గుడ్డ అంచునుంచి మెల్లగా జారింది. నాలుగు పేకల కింద ఆగింది.

తగిలింది.